రెండు ప్రకటనల మధ్య ఊరు

ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో ఎక్కడ కాల్పులు జరిగినా ఒకటి రెండు రోజుల్లో రెండు కాగితాలు బయటికొస్తాయి. ఒకటి పోలీసులది: ఫలానా అడవిలో ఎదురుకాల్పులు, ఇంతమంది మావోయిస్టుల మృతి, ఇన్ని ఆయుధాలు స్వాధీనం. రెండోది మావోయిస్టుల లేఖ: అది బూటకపు ఎన్‌కౌంటర్, చనిపోయింది ఊరివాళ్లు. మావోయిస్టులే ఎవరినైనా చంపితే మాటలు అటుదిటు అవుతాయి. వాళ్ల లేఖలో అతను ఇన్‌ఫార్మర్, పోలీసు నోట్‌లో అమాయక గిరిజనుడు. హైదరాబాద్‌లోనో రాయ్‌పూర్‌లోనో డెస్కు మీద కూర్చున్నవాళ్లకు ఈ రెండూ చాలు. పై పేరా ఒకరికి, కింది పేరా ఇంకొకరికి ఇస్తే వార్త చూడ్డానికి సమతూకంగానే ఉంటుంది. ఆ ఊరికి విలేకరి ఎవరూ వెళ్లలేదన్న సంగతి మాత్రం పాఠకుడికి తెలియదు.

వెళ్లేవాళ్లు కొందరున్నారు. బీజాపూర్, దంతెవాడ, సుక్మా, జగదల్‌పూర్‌లలో ఉంటూ రాసే ఫ్రీలాన్సర్లు, స్ట్రింగర్లు; మన పత్రికల లెక్కలో కంట్రిబ్యూటర్లు. నెల జీతం ఉండదు. వార్త వేసుకుంటే డబ్బులొస్తాయి, లేదంటే బైక్‌లో పోసిన పెట్రోలు దండగ. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైన దగ్గర్నుంచి వీళ్లు దెబ్బలు తింటూ నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. జనం దాన్ని సాహసం అనుకుంటారు. దగ్గర్నుంచి చూస్తే అందులో ఎక్కువ భాగం ఓపిక, లెక్క, వ్యవసాయం మీద అవగాహన.

వ్యవసాయం అన్నది ఊరికే కాదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కెగూడలో భద్రతా బలగాలు జరిపిన కాల్పుల్లో 17 మంది చనిపోయారు. మావోయిస్టుల మీటింగ్ జరుగుతుంటే బలగాలు వెళ్లాయని మొదటి కథనం. రాత్రిపూట అంతమంది ఒకచోట ఎందుకు కూర్చున్నారన్న ప్రశ్నకు అది తేలిగ్గా అతికే జవాబు. కానీ అక్కడి సేద్యం తెలిసిన విలేకరికి ఇంకో జవాబు తడుతుంది. తొలకరికి, విత్తనాలు వేసే ముందు, బీజ పండుం అనే పండుగ చేసుకుంటారు. దానికి ఎవరేమివ్వాలి, ఎవరి పొలం ఎవరు దున్నాలి, ఇవన్నీ ఊరంతా కూర్చుని తేల్చుకుంటారు. పగలంతా పనులుంటాయి కాబట్టి కూర్చునేది రాత్రే. మరుసటి ఏడాది మే నెలలో ఎడెస్‌మెట్టలో కాల్పులు జరిగి 8 మంది ఊరివాళ్లు చనిపోయినప్పుడూ సందర్భం ఈ పండుగే. రెండింటి మీదా జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ జరిపింది. సార్కెగూడ మృతులు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదన్న నివేదిక 2019లో బయటికొచ్చింది. ఊరికి వెళ్లిన విలేకరులు ఆ వారంలోనే రాసిన మాట సర్కారు కాగితం మీదికి ఎక్కడానికి ఏడేళ్లు పట్టింది.

ఇలాంటి ఊళ్లో ‘ఎన్ని గంటలకు జరిగింది?’ అని అడిగే విలేకరి కొత్తవాడని ఇట్టే తెలిసిపోతుంది. గడియారం చూసి బతికే ఊరు కాదు. జవాబు చెప్పకపోతే మర్యాదగా ఉండదని ఏదో ఒక టైము చెప్తారు. ఆ టైము పట్టుకుని రాస్తే రేపు కోర్టులో సాక్షే అబద్ధాలకోరవుతాడు. అలవాటున్నవాళ్లు వేరేలా అడుగుతారు. అప్పటికి తిన్నారా? పొయ్యి ఆర్పారా? పిల్లలు పడుకున్నారా? చంద్రుడు దిగిపోయాడా? చివరిదాన్ని ఇంటికొచ్చాక పంచాంగంలో సరిచూసుకోవచ్చు. ఏ నెల అంటే కూడా అంతే: ఇప్పపువ్వు ఏరేటప్పుడా, తునికాకు కోసేటప్పుడా అని అడగాలి.

చనిపోయినవాళ్ల లెక్క తేల్చడం మరో తలనొప్పి. హిడ్మా, దేవా, జోగా, ఒక్కో ఊళ్లో ఈ పేర్లున్నవాళ్లు అరడజను మంది ఉంటారు. అందుకని తండ్రి పేరు, పారా పేరు కలిపి రాసుకుంటారు. పారా అంటే ఊళ్లో ఒక వాడ. రెండు పారాల మధ్య కిలోమీటరు అడవి ఉన్నా కాగితాల్లో అది ఒకే ఊరు. తర్వాత రేషన్ కార్డు, ఆధార్, బడి రిజిస్టర్. చనిపోయింది పదిహేనేళ్ల పిల్లా, పాతికేళ్ల దళ సభ్యురాలా అన్న వివాదంలో తేల్చగలిగేది చాలాసార్లు బడి రిజిస్టరే. దుబాసీ సంగతి కూడా చూసుకోవాలి. కోంటా, ఉసూర్, బాసగూడ వైపు దోర్లా గిరిజనులకు తెలుగు వచ్చు కాబట్టి మనవైపు నుంచి వెళ్లినవాళ్లు కొంత నెట్టుకురాగలరు. లోపలికి వెళ్లేకొద్దీ గోండీ తప్ప దారి లేదు. దుబాసీని ఎవరు కుదిర్చారన్నదాన్ని బట్టి జవాబులు మారతాయి. బలగాల క్యాంపు పక్కవాడైతే ఒకటి చెప్తారు, మావోయిస్టు సంఘం మనిషైతే ఇంకొకటి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు అదే ప్రశ్నను వేరే రోజు వేరే మనిషి ద్వారా మళ్లీ అడిగిస్తారు.

ఆడవాళ్ల విషయానికొచ్చేసరికి పద్ధతి పూర్తిగా మారాలి. 2015 అక్టోబరులో బీజాపూర్ జిల్లా పెద్దగెలూరు, చుట్టుపక్కల ఊళ్ల మహిళలు భద్రతా బలగాల మీద అత్యాచార ఆరోపణలు చేశారు. 2017 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ 16 మంది మహిళలను ప్రాథమికంగా బాధితులుగా గుర్తించింది. ఇలాంటి ఊరికి వెళ్లగానే పెద్దమనుషులు చెట్టుకింద అందరినీ కూర్చోబెట్టి ‘చెప్పండమ్మా’ అంటారు. ఆ చెట్టుకింద నోట్‌బుక్ తీయకూడదు. గోండీ తెలిసిన ఆడమనిషి తోడు కావాలి. చెప్పే మనిషి తనే చోటు చూసుకోవాలి. అప్పటికే ఎవరికైనా పూర్తిగా చెప్పి ఉంటే మళ్లీ మొదట్నుంచీ చెప్పించకుండా ఆ వాంగ్మూలం సంపాదించాలి. పేరు రాయకూడదని చట్టమే చెప్తోంది. కానీ నలభై ఇళ్ల ఊళ్లో పేరు తీసేసినంత మాత్రాన ఏం దాగుతుంది? ‘మూడు నెలల బాలింత’ అని రాస్తే రాయ్‌పూర్ పాఠకుడికి తెలియదేమో గానీ పక్కింటివాళ్లకు తెలుస్తుంది, క్యాంపులో ఉన్నవాళ్లకూ తెలుస్తుంది. పాఠకుడి గుండె కదిలించే వివరమే ఆ మనిషిని పట్టిస్తుంది. దాన్ని కొట్టేయగలిగిన విలేకరినే నేను పనిమంతుడంటాను.

ఇంతకీ ఈ పద్ధతికి ఆయువుపట్టు రెండోసారి వెళ్లడం. మొదటిసారి జనం జాగ్రత్తగా మాట్లాడతారు. వచ్చినవాడు ఎవరివాడో తెలియదు. రెండోసారి వాళ్లే అడుగుతారు, నువ్వేం రాశావని. ఆశ్రమ పాఠశాలలో చదివే కుర్రాడెవరో అప్పటికే చదివి వినిపించి ఉంటాడు. ఢిల్లీ నుంచి విమానంలో వచ్చి మూడు రోజుల్లో తిరిగిపోయే పెద్ద విలేకరికి ఈ పరీక్ష ఉండదు. బీజాపూర్‌లో కాపురమున్నవాడికి తప్పదు. పైగా వాడికి వారపు సంత ఉంది. బాసగూడ సంతలో ఒక పూట నిలబడితే పది ఊళ్లవాళ్లు కనిపిస్తారు. ఏ క్యాంపు గేటు దగ్గరా పేరు రాయించుకోనక్కర్లేదు. సంతకు రాలేనివాళ్ల గొంతు వినిపించడానికి పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర అనే ఫోన్ వార్తా వేదిక మొదలుపెట్టారు. మామూలు ఫోన్లోంచి గోండీలో వార్త చెప్తే రికార్డవుతుంది.

అందరికీ అందుబాటులో ఉండడానికి మూల్యమూ ఉంది. దేశ్‌బంధు విలేకరి సాయిరెడ్డిని ప్రభుత్వం మావోయిస్టు సానుభూతిపరుడని 2008లో ప్రజాభద్రత చట్టం కింద జైల్లో పెట్టింది. 2013 డిసెంబరులో మావోయిస్టులు ఆయన్ను బాసగూడ సంత దగ్గరే నరికి చంపారు. ఒకే మనిషి ఇద్దరికీ శత్రువయ్యాడు. స్ట్రింగర్ సంతోష్ యాదవ్‌ను 2015లో అరెస్టు చేశారు; నిర్దోషిగా బయటపడేసరికి 2020 వచ్చింది. స్క్రోల్‌కు రాసే మాలినీ సుబ్రమణ్యం ఇంటి మీద రాళ్లు పడి, 2016 ఫిబ్రవరిలో జగదల్‌పూర్ విడిచిపెట్టాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు పోలీసులు మొదట అడిగేది ఏ పేపర్, కార్డేది అని. వార్తలు వాడుకున్న సంస్థలు అప్పుడు గొంతు సవరించుకుంటాయి. ఈ విలేకరులంతా పులుకడిగిన ముత్యాలని నేననను. వార్త డబ్బు చాలక యాడ్లు తెచ్చేవాళ్లు, కాంట్రాక్టర్ల దగ్గర కవర్లు అందుకునేవాళ్లు ఉన్నారు. ఆ కవర్‌కు సగం బాధ్యత జీతమివ్వని యాజమాన్యానిదే.

కవర్ తీసుకోనివాడికి ఏమవుతుందో బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ విషయంలో చూశాం. బాసగూడలో పుట్టాడు, సల్వాజుడుం రోజుల్లో ఆ కుటుంబం ఊరు వదిలి శిబిరంలో తలదాచుకుంది. ‘బస్తర్ జంక్షన్’ అని యూట్యూబ్ చానల్ నడిపాడు. 2021 ఏప్రిల్‌లో 22 మంది జవాన్లు చనిపోయిన దాడి తర్వాత మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్ రాకేశ్వర్ సింగ్ మన్హాస్‌ను విడిపించి తెచ్చిన బృందంలో ఉన్నాడు. అడవిలోని రెండు వైపులవాళ్లూ నమ్మారు కాబట్టే అది సాధ్యమైంది. అతన్ని చంపింది అడవి కాదు. గంగలూరు వైపు వేసిన రోడ్డులో అవినీతి మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. 3న బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టర్ స్థలంలో, కొత్తగా కాంక్రీటు పోసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుణ్ని హైదరాబాద్‌లో పట్టుకున్నారు. విలేకరుల రక్షణకని ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ 2023లోనే బిల్లు ఆమోదించి ఉంది.

హైదరాబాద్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ కథలో సగం తెలంగాణలోనే ఉంది. ఏటా మిర్చి కోతకు బీజాపూర్, సుక్మాల నుంచి కూలీలు ట్రాక్టర్లలో ములుగు, భద్రాద్రి, ఖమ్మం చేలకు వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా పేరూరు నుంచి పన్నెండేళ్ల పిల్ల మూడు రోజులు అడవి దారిన నడిచి, ఇల్లు ఇంకొన్ని కిలోమీటర్లుందనగా చనిపోయింది. అంత చిన్నపిల్లను కోతకు కుదిర్చిన మేస్త్రీ ఎవరు, కూలి ఎంత, కల్లంలో ఎవరు లెక్క రాసుకున్నారు అన్నవి ఇక్కడ తేల్చాల్సిన ప్రశ్నలు. సల్వాజుడుం నుంచి పారిపోయొచ్చిన బస్తర్ గిరిజనుల, ఇక్కడివాళ్లు గుత్తికోయలనేవాళ్ల సంగతీ అంతే. 2022 నవంబరులో పోడు గొడవలో ఫారెస్ట్ రేంజ్ అధికారి హత్య జరిగినప్పుడు వాళ్లు మొదటి పేజీకి ఎక్కారు. అంతకుముందు పదిహేడేళ్లు వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్లారో, ఎక్కడి నీళ్లు తాగారో రాసిన పేజీలు వెతుక్కోవాలి.

2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు కాల్పుల్లో చనిపోయాక యుద్ధం ముగింపు గురించి మాటలు పెరిగాయి. రోడ్లు, క్యాంపులు లోపలి ఊళ్లదాకా వెళ్లాయి. వెనక్కి వెళ్దామనుకునే గుత్తికోయలకు వాళ్ల పాత భూమి ఎవరు చూపిస్తారు, ఇక్కడే ఉంటామనేవాళ్లకు తెలంగాణలో ఎస్టీ సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్నవి ఇప్పుడు రాయాల్సిన వార్తలు. వాటికి బీజాపూర్ నుంచి మనిషి రానక్కర్లేదు. చర్ల, వెంకటాపురం, ఏటూరునాగారం మండలాల్లో కోయ మాట్లాడగల కంట్రిబ్యూటర్లు మనకే ఉన్నారు. వాళ్లు పంపింది జిల్లా పేజీ దాటి రావడమే అరుదు.