పెరటి తల్లికి దండం

తల్లీ పెరడా! వంటింటి వెనక తలుపు తీయగానే తడిమట్టి వాసనతో పలకరించేదానివి. ఊరి చుట్టూ చూపు ఆనినంత మేర చేపల చెరువులు మెరుస్తాయి, వరిచేలు ఊగుతాయి. అయినా తెల్లారి లేచి ఇవాళ కూరేమిటని మేం తల తిప్పి చూసేది నీ వైపే. నీకు దండం.

భీమవరం నేల నల్లది. వానాకాలం కాలికి అంటుకుంటే వదలని బంకమట్టి, ఎండాకాలం బొటనవేలు దిగిపోయేంత బీటలు. ఈ మట్టికి వరి అంటే ప్రాణం. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయి గోదావరి నీళ్ళు కాలువల వెంట నడిచొచ్చాక, సార్వా అనీ దాళ్వా అనీ ఏడాదికి రెండు పంటలు ఎత్తి ఇచ్చింది. పక్కనే మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి ఎన్నో రాష్ట్రాల పొలాలకు వెళ్ళింది. ఆ తర్వాత చేలు తవ్వి చెరువులు చేశారు, చేపా రొయ్యా వచ్చాయి, డబ్బూ వచ్చింది. ఇంత పండించే ఊరికి టమాటా మదనపల్లె నుంచి లారీ ఎక్కి రావాలి. ఉల్లిపాయ కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాలి. బంగాళాదుంప ఇంకా దూరం నుంచి. అన్నం మనదే, కూర మాత్రం పరాయి ఊరిది. ఆ వెలితి పూడ్చడానికి గోడకీ నూతికీ మధ్య మిగిలిన కాస్త జాగాలో నువ్వు నిలబడ్డావు.

నల్లమట్టిని మచ్చిక చేసుకోవడం ఒక్క రోజు పని కాదు. రైసుమిల్లు నుంచి ఊకా, ఊక బూడిదా తెస్తాం. గేదెలున్న వాళ్ళింటి నుంచి మాగిన పేడ ఎరువు గంపల్లో వస్తుంది. కొబ్బరి పొట్టు, కాస్త గోదావరి ఇసుక. అన్నీ కలిపి మడిని ఎత్తుగా లేపుతాం. శ్రావణంలో ముసురు పట్టిందంటే వంగమొక్క నిలవనీళ్ళలో బతకలేదు, వేరు కుళ్ళిపోతుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న వీధుల్లో ఆకుల అంచులు మాడిపోతాయి, అక్కడివాళ్ళు వాననీళ్ళు పట్టి దాచుకోవాలి. ఎండలు ముదిరి కాలువలు కట్టేశాక నీ దాహం తీర్చేది వంటిల్లే. బియ్యం కడుగు బచ్చలి మొదట్లోకి, పప్పు కడిగిన నీళ్ళు దొండపాదుకి, పులిసిన మజ్జిగ కరివేపాకుకి, చేపలు కడిగిన నీళ్ళు ములగచెట్టుకి, గిన్నెలు తోమిన నీళ్ళు అరటి బోదెలోకి. ఇంట్లో వాడిన నీళ్ళు రోడ్డు మీద మురుగులో కలవకుండా నువ్వే తాగి, మళ్ళీ కూరగా చేసి ఇస్తావు.

అన్ని పాదుల్లోకీ ఆనపపాదుకి నా మొక్కు ఎక్కువ. జూన్‌లో మృగశిర కార్తె రాగానే, రాత్రంతా నానబెట్టిన గింజల్ని మొన కిందికి ఉండేలా వేలి మొదటి కణుపు లోతున గుచ్చుతాం. వారం పది రోజుల్లో రెండు దళసరి ఆకులు మట్టిపెళ్ళని నెత్తిన పెట్టుకుని పైకి లేస్తాయి. ఇక దాని తొందర చూడాలి. నాలుగు ఆకులు తొడిగిందో లేదో, నులితీగ చాపి పట్టు కోసం వెతుకుతుంది. తాడైనా సరే, కొబ్బరి మట్టయినా సరే, ఆరేసిన లుంగీ అంచయినా సరే. అప్పటికల్లా నాలుగు వెదురు గెడలు పాతి పందిరి వేసెయ్యాలి. భీమవరంలో పాత వలలకు కొదవేముంది! చెరువు మీద కొంగలు వాలకుండా కట్టిన వల చిరిగిపోతే, అదే తెచ్చి గెడల మీద పరిస్తే ఆనపతీగ మారుమాట్లాడకుండా ఎక్కేస్తుంది.

దాని పువ్వు తెల్లన. పగలంతా ముడుచుకుని ఉండి, దీపాలు పెట్టేవేళకు విప్పారుతుంది, తెల్లారి ఎండ పడేసరికి వాడిపోతుంది. తేనెటీగలు గూటికి చేరాక పూసే ఈ పువ్వుకి రాత్రి తిరిగే రెక్కల పురుగులే చుట్టాలు. అవి రాని మేడల మధ్య మనమే ఆ చుట్టరికం కలపాలి. కింద చిట్టి పిందె ఉన్నది ఆడపువ్వు, పొడుగు కాడ మీద ఒంటరిగా నిలబడ్డది మగపువ్వు. మగపువ్వు తుంపి, దాని పుప్పొడి ఆడపువ్వు నడుమ మెల్లగా తాకిస్తే చాలు. పిందె నిలబడితే నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది, నిలబడకపోతే పసుపెక్కి రాలిపోతుంది. గింజ వేసిన రెండు నెలలకి మొదటి కాయ చేతికొస్తుంది.

గోరు గుచ్చితే సులువుగా దిగాలి, చర్మం మీద నూగు ఇంకా ఉండాలి. అదీ లేతకాయ. కోసిన వెంటనే చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉంటే ఎంత అందమైన కాయైనా పారెయ్యాలి, ఆ చేదు ఒంటికి మంచిది కాదు. తియ్యగా ఉందా, ఇక ఆ కాయ ఒక్కటీ ఇంటిని రెండు రోజులు నడుపుతుంది. సగం కాయ సన్నగా తరిగి, ఆవాలూ జీలకర్రా మినప్పప్పూ పోపు వేసి, అల్లం పచ్చిమిర్చి దంచి పడేసి, ముక్క మెత్తబడ్డాక పాలు పోసి దించితే పాలు పోసిన కూర. మిగిలిన సగం పెద్ద ముక్కలు చేసి చింతపండు పులుసులో బెల్లం ముక్కతో ఉడికిస్తే ముక్కల పులుసు. తొక్కు పారెయ్యం, నూనెలో మగ్గించి నువ్వులూ ఎండుమిర్చీ కలిపి రుబ్బితే పచ్చడి. రొయ్యలు తినే ఇంట్లో ఆనపకాయ రొయ్యల ఇగురు ఉండనే ఉంది, ఈ ఊళ్ళో ఆ రెండింటికీ ఏనాటి నుంచో జత. ఒక్క కాయని మాత్రం తీగ మీదే వదిలేస్తాం. అది ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడేదాకా ఎవరూ ముట్టుకోరు. మళ్ళీ మృగశిరకి విత్తనం అదే.

నీ దగ్గర గడియారం అక్కర్లేదు తల్లీ. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున మేలుకుంటుంది. ధనుర్మాసంలో పిల్లలు మంచులో లేచి వచ్చి గొబ్బెమ్మ నెత్తిన పెట్టడానికి కోసుకునేది దాన్నే. మగపువ్వులే కోస్తే కాపుకేమీ లోటు రాదు. బీరపువ్వు పొద్దు వాలుతుంటే పసుపుపచ్చగా తెరుచుకుంటుంది. అది చూసి స్టవ్ మీద టీ పెడతాం. చీకటి పడ్డాక పొట్లపువ్వు తన తెల్లని పోగుల అంచు విప్పుతుంది. గునుపూడి సోమేశ్వరస్వామి లింగం పౌర్ణమికి తెల్లబడుతుందని, అమావాస్యకు నల్లబడుతుందని ఊరంతా చెప్పుకుంటారు. నిండు పున్నమినాడు గుడి నుంచి వచ్చి పెరట్లో నిలబడితే, పొట్లపందిరి నిండా ఆ తెలుపే. పొట్లకాయ మెలి తిరగకుండా కొసకి చిన్న రాయి కట్టి వేలాడదీస్తాం. తిన్నగా సాగిన ఆ కాయ పెసరపప్పుతో ఒకనాడు, పెరుగుపచ్చడిగా మరునాడు.

ఏడాది పొడుగునా నువ్వు పండగల పట్టిక చదువుతూనే ఉంటావు. ఆషాఢంలో ములగాకు తినాలంటారు, నిజంగానే ఆ నెలకి చెట్టు చిగురుతో విరగబడి ఉంటుంది. శ్రావణమాసపు పేరంటాలకి పెరటి తమలపాకు. కార్తీకానికి కంద తవ్వుతాం. దాని పక్కనే పాకిన బచ్చలి కోసి కలిపితే, గోదావరి జిల్లాల పెళ్ళి విస్తట్లో లేకపోతే విస్తరి బోసిపోయే కంద బచ్చలి కూర. దానికి ఆవ పెట్టడం అమ్మమ్మలు నేర్పిన విద్య. ఆవాలు నూరిన ముద్ద పొయ్యి మీద వెయ్యకూడదు, వేస్తే చేదెక్కుతుంది. కూర దించి, వేడి కాస్త తగ్గాక కలపాలి. అరటిదూటకీ, పనసపొట్టుకీ అదే మర్యాద. మాఘంలో రథసప్తమినాడు సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కడతాం, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతాం. సూర్యుడికి రథం కట్టాలంటే ముందు పెరట్లో చిక్కుడుపాదు ఉండాలి కదా. అందుకోసమైనా మా ఊళ్ళో ఆ పాదుని ఎవరూ పీకరు. దానికి పేనుబంక పట్టినప్పుడు మంచు తడి ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లుతాం, అప్పటికీ వదలకపోతే వేపగింజలు దంచి లీటరు నీళ్ళకి 50 గ్రాముల లెక్కన రాత్రంతా నానబెట్టి, వడకట్టి కొడతాం. అదే మా మందుల కొట్టు.

నీ ఆకుల గురించి చెబుతుంటే ఈ ఊరి బిడ్డ ఒకరు గుర్తుకు రాక మానరు. 1895 జనవరి 12న ఎల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలోనే పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరినీ కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆయన్నీ పట్టుకుంది, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం ఆయన్ని నిలబెట్టింది. తర్వాత ఆయన సముద్రాలు దాటి అమెరికా వెళ్ళారు. అక్కడ టెక్సాస్‌లో శాస్త్రవేత్తలు 1941లో టన్నుల కొద్దీ పాలకూరను పిండి, రక్తం పట్టడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని చిటికెడు వేరు చేశారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసి చూపించినది లెడర్లీ సంస్థలో సుబ్బారావుగారు నడిపించిన బృందం. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ స్ప్రూకి కూడా అదే మందయింది. ఈనాడు గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఐరన్ పక్కన ఉన్నది అదే. తోటకూరలో, గోంగూరలో, చిక్కుడుగింజలో నువ్వు అడగకుండా పెట్టేదీ అదే తల్లీ. అది నీళ్ళలో కరిగిపోతుంది, ఎక్కువ సేపు ఉడికిస్తే నశిస్తుంది. అందుకే ఆకుకూర కోసిన పూటే వండాలి, కడిగాకే తరగాలి, కొద్ది నీళ్ళతో మూతపెట్టి మగ్గించాలి, ఉడికిన నీళ్ళు పారబొయ్యకూడదు. లారీలో రెండు రోజులు ఎండిన తోటకూరకీ, కాడ తుంపగానే గిన్నెలో పడిన తోటకూరకీ రుచిలోనూ తేడా ఉంది, బలంలోనూ తేడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల కూరలూ పళ్ళూ కావాలంటుంది. నలుగురున్న ఇంటికి అందులో కొంతైనా నువ్వు మోస్తున్నావు.

రొయ్య ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో మన ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువులున్న ఇళ్ళన్నీ దిగులుపడ్డాయి. ఎవరో ఎక్కడో పెట్టిన సంతకానికి ఇక్కడ రొయ్య ధర పడిపోతుంది. అప్పుడు కూడా దొండపాదు ఎప్పటిలాగే కాసింది. కోసినవి కోసినట్టే పళ్ళెంలో పోసి, గోడ మీంచి పక్కింటికి అందించాం. "పిన్నిగారూ, లేతగా ఉన్నాయండి, కొబ్బరి వేసి వేయించండి." ఆ సాయంత్రానికే ఆ పళ్ళెం తిరిగి వచ్చింది, ఖాళీగా కాదు, నాలుగు వంకాయలతో. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎవరూ లెక్క రాయలేదు. నీ దగ్గర పెరిగినవాళ్ళకి ఎక్కువ కోరికలుండవని నేను గట్టిగా నమ్ముతాను. బీరకాయ కాసిన రోజు బీరకాయ, పొట్టుతో పచ్చడి. కాయ లేని రోజు కందిపచ్చడీ చారూ. ఆకలికి తగినంత ఉంది, ఎదురుచూపుకి తగిన రుచి ఉంది. ఫ్రిజ్‌లో వాడిపోయే సంచులు లేవు, కూరల కొట్లో గంట బేరం లేదు. ఆ మిగిలిన పొద్దు పిల్లల పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి సరిపోతుంది.

పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, పెరడెక్కడ అనే ప్రశ్న న్యాయమైనదే. నేల లేకపోతే మేడ ఉంది. హైదరాబాద్ శివారు నారపల్లిలో కథకులు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన ఇంటి మిద్దె మీద ఏళ్ళ తరబడి కూరలు పండించి, మిద్దెతోటను తెలుగు ఇళ్ళకు అలవాటు చేశారు. మనకు నారుకీ మొక్కకీ కొరత లేదు, కడియం నర్సరీలు గోదావరికి అవతలి ఒడ్డునే ఉన్నాయి. ఆకుకూరలకు జానెడు మట్టి చాలు, తీగలకు సగానికి కోసిన డ్రమ్ము కావాలి, ఎండ మాత్రం పగటిలో సగమైనా పడాలి.

కాబట్టి అయ్యా, అమ్మా, వచ్చే మృగశిరకి మీ ఇంట ఒక ఆనపగింజ నాటండి. గింజ లేకపోతే మీ వీధిలో పందిరి ఉన్న ఏ పెద్దావిణ్ణైనా అడగండి. గుప్పెడు చేతిలో పోసి, మొన కిందికి పెట్టమని చెప్పి మరీ పంపుతుంది.