రచయిత పేరు మీద వేసిన తాళం

కాపీహక్కు గురించి మన రచయితలు మాట్లాడేది తక్కువ. ఎప్పుడైనా మాట్లాడితే అది ప్రచురణకర్త ఎగ్గొట్టిన రాయల్టీ గురించో, చెప్పకుండా వాడుకున్న పాట గురించో అయి ఉంటుంది. ఆ హక్కు పేరు చెప్పి పాఠకుడి ముందు మూసేసిన తలుపుల గురించి సాహిత్య విమర్శ పట్టించుకోలేదనే చెప్పాలి. 2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నడిపాడన్న ఆరోపణపై హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు తెలుగునాట ముఖ్యంగా రెండు గొంతులు వినిపించాయి. దొంగ దొరికాడని ఒకటి. పేదవాడికి సినిమా చూపించిన వీరుణ్ణి పట్టుకుపోయారని మరొకటి. ఈ రెండు వాదనల్లోనూ ఒకే లోపం ఉందని నా అభిప్రాయం. రెండూ సినిమా దగ్గరే ఆగిపోయాయి. సినిమా కోసం వేసిన తాళం ఇంకా ఏయే గదులకు పడుతున్నదో రెండూ చూడలేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం సినిమా కాదు, ఒక పుస్తకం. ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని రావిర్యాలలో మా అన్న ఇల్లు ఉంది. చిప్పులు తయారుచేసే కర్మాగారం వస్తుందని 2006లో ఫ్యాబ్ సిటీ పేరు మోగిన ఊరు అది. ఆ కర్మాగారం రాలేదు. వేరే కంపెనీలు వచ్చాయి, పెద్ద వినోద పార్కు వచ్చింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఇంటి గోడ దాకా ఇంటర్నెట్టు తీగ కూడా వచ్చింది. అన్న కూతురు తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి పరిశోధనకు సిద్ధమవుతున్నది. నేను ముప్ఫై ఏళ్ళ కిందట వేసిన ఒక విమర్శ వ్యాసాల సంపుటి ఆమెకు అవసరమైంది. నా దగ్గర ఉన్న ఒక్క ప్రతీ ఎవరో మిత్రుడు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ప్రచురణకర్త ఎప్పుడో దుకాణం కట్టేశాడు. చివరికి ఆ అమ్మాయే వెతికి, ఎవరో పుణ్యాత్ములు ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి ఫైళ్ళు పంచుకునే ఒక వెబ్‌సైటులో పెట్టారని కనిపెట్టింది. మరునాడు దించుకోబోతే పేజీ తెరుచుకోలేదు. కోర్టు ఉత్తర్వు మేరకు ఈ సైటును నిలిపివేశామని ఒక వాక్యం మాత్రం కనిపించింది.

"నీ పుస్తకాన్ని నీ హక్కు కాపాడనీకే ఆపిన్రంట చిన్నాయనా!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. ఆ పుస్తకం మీద నాకు గాని మరొకరికి గాని వచ్చే ఆదాయం పైసా లేదు. మరి ఆ తలుపును ఎవరు మూశారు, ఎవరి కోసం మూశారు?

ముందు ఈ పద్ధతి ఎలా నడుస్తుందో సాహిత్య విద్యార్థులు తెలుసుకోవాలి. సినిమా విడుదలకు ముందే నిర్మాత హైకోర్టుకు వెళతాడు. కాపీ చేయబోయేది ఎవరో ఇంకా తెలియదు కనుక పేరు తెలియని ప్రతివాది మీద దావా వేస్తాడు. అలాంటి ప్రతివాదిని మన కోర్టుల్లో 'అశోక్ కుమార్' అనడం వాడుక. ఆ అశోక్ కుమార్‌తో పాటు ఇంటర్నెట్టు సరఫరా చేసే కంపెనీలను కూడా ప్రతివాదులుగా చేరుస్తాడు. ఉత్తర్వు వచ్చాక ఆ కంపెనీలు చేసేది ఫైలును తుడిచివేయడం కాదు. ఫైలు ఏ దేశంలోనో భద్రంగా ఉంటుంది. దాని చిరునామా అడిగిన మన పాఠకుడికి దారి చెప్పడం మానేస్తాయి, అంతే. ఇప్పుడు చాలా సైట్లు సంకేత భాషలో నడుస్తున్నాయి. అందువల్ల మనం ఏ సైటుకు పోతున్నామో కంపెనీకి తెలుస్తుంది గాని, అందులో ఏ పేజీ చదువుతున్నామో తెలియదు. కనుక ఒక్క పేజీని ఆపాలన్నా మొత్తం సైటునే మూయవలసి వస్తుంది. ఒక పుస్తకం మీద తగాదా వస్తే గ్రంథాలయానికే తాళం వేసినట్టు!

దీని చరిత్రలో మన తెలుగు సినిమాకూ భాగం ఉంది. 2012లో 'త్రీ' అనే తమిళ చిత్రం కోసం, 'దమ్ము' అనే తెలుగు చిత్రం కోసం మద్రాసు హైకోర్టులో ఇలాంటి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. సరఫరా కంపెనీలు ఏకంగా విమియో, డైలీమోషన్ వంటి సైట్లనే మూసేశాయి. సొంత చిత్రాలు తీసి అక్కడ పెట్టుకున్న యువకుల పని కూడా వాటితోపాటే మూతపడింది. ఫిర్యాదులో చూపిన పేజీలను మాత్రమే ఆపాలని ఆ ఏడాది జూన్‌లో కోర్టు స్పష్టం చేయవలసి వచ్చింది. ఆ పాఠం ఎంతకాలం నిలిచింది? 2017 ఆగస్టులో 'జబ్ హ్యారీ మెట్ సేజల్' సహా హిందీ సినిమాల కోసం అదే హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల జాబితాలో రెండు వేల ఆరు వందలకు పైగా సైట్లు చేరాయి. వాటిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది!

ఇంటర్నెట్ ఆర్కైవ్ అంటే ఏమిటో తెలుగు పరిశోధకుడికి వివరించి చెప్పనక్కరలేదు. మన కాటూరు రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో మన గ్రంథాలయాల్లోని పాత తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ అయ్యాయి. కాపీహక్కు వివాదాల నడుమ ఆ వెబ్‌సైటు మూతపడింది. ఆ పుస్తకాల ప్రతులు ఈనాడు చాలామందికి దొరుకుతున్నది ఆర్కైవ్‌లోనే. షారుఖ్ ఖాన్ సినిమా మొదటి వారం వసూళ్ళ కోసం, వందేళ్ళ నాటి తెలుగు పత్రికను చదువుకునే విద్యార్థికి దారి మూసుకుపోయింది. కొన్ని రోజులకు తెరిచారు, నిజమే. కాని ఆ జాబితా తయారుచేసినవాళ్ళ దృష్టిలో గ్రంథాలయానికీ దొంగ దుకాణానికీ తేడా లేదన్న సంగతి మాత్రం బయటపడింది.

తర్వాత తాళం ఇంకా బిగిసింది. మూసిన సైటు వేరే పేరుతో తెరుచుకుంటే కొత్త దావా అక్కరలేకుండా దాన్నీ జాబితాలో చేర్చే పద్ధతిని 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ప్రవేశపెట్టింది. ఇక 2025 ఆగస్టులో అదే హైకోర్టు సై-హబ్‌ను నిలిపివేయమన్నది. అది సినిమాల సైటు కాదు, పరిశోధన పత్రాల సైటు. దావా వేసింది ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ. ఆ పత్రాలు రాసిన పరిశోధకులకు సాధారణంగా ఈ ప్రచురణకర్తలు పారితోషికం ఇవ్వరు. రాసినవాడికి ఏమీ ఇవ్వకుండా రాతకు మాత్రం యజమాని కావడం కంటే పెట్టుబడికి సుఖమైన ఏర్పాటు ఏముంటుంది? ప్రభుత్వం 2025 నుంచి మూడేళ్ళకు ఆరు వేల కోట్ల రూపాయలతో పత్రికల చందా పథకం పెట్టింది. మంచిదే. కాని అది మొదలైంది ప్రభుత్వ విద్యాసంస్థలతో. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఇంకా చేరని రావిర్యాల అమ్మాయి ఆ లెక్కలోకి రాదు.

ఇంత చెప్పినంత మాత్రాన పైరసీని ప్రజల ఉద్యమంగా కీర్తించే మిత్రులతో నేను ఏకీభవిస్తున్నానని అనుకోకూడదు. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికి పొక్కింది. ఆ సినిమా వెనుక వందల మంది శ్రమ ఉంది. దాన్ని కాదనడం అభ్యుదయం కాదు. ఐబొమ్మ కేసులో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ద్వారా డబ్బు వచ్చేదని పోలీసులు చెబుతున్నారు. అది రుజువైతే, పేదవాడికి ఉచితంగా సినిమా చూపి అతని జేబును జూదానికి అప్పగించినవాణ్ణి వీరుడని ఎలా అంటాం? ఉచితం అన్న మాట కనిపించగానే దోపిడీ లేదనుకోవడం అమాయకత్వం.

అయితే రెండో పక్షాన్నీ అంతే గట్టిగా ప్రశ్నించాలి. పైరసీ వల్ల సినీ కార్మికుడి పొట్ట కొడుతున్నారని నిర్మాతలు కన్నీరు పెడతారు. అదే కార్మికులు ముప్ఫై శాతం వేతన పెంపు కోరుతూ 2025 ఆగస్టులో సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాక, ఇరవై రెండున్నర శాతాన్ని మూడేళ్ళలో విడతలుగా ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. కార్మికుడి పొట్ట కోర్టు అఫిడవిట్లలో గుర్తొచ్చినంత త్వరగా వేతనాల చర్చల్లో గుర్తు రాలేదన్నమాట! 2024 డిసెంబరులో 'పుష్ప 2' ముందస్తు ఆటకు టికెట్టు మీద అదనంగా 800 రూపాయలు వసూలు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. ధర ఎంతైనా పెంచుకునే స్వేచ్ఛ ఒకరికి ఉండి, ఆ ధర ఇవ్వలేనివాణ్ణి దొంగగా చూసే వ్యవస్థలో నీతి పాఠాలు ఒక్క వైపుకే చెప్పడం న్యాయం కాదు.

మన సాహిత్యానికి వస్తే సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1957 కాపీహక్కు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత యాభై ఏళ్ళు హక్కు ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991 చివర ముగియబోతుంటే దాన్ని అరవై ఏళ్ళు చేశారు. ఈ లెక్కన 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై 2043 చివరిదాకా హక్కు ఉంటుంది. శ్రీశ్రీ పుస్తకాలు బజారులో దొరుకుతాయి, ఇబ్బంది లేదు. కాని ఆయనతో పాటు రాసి, ఒక్క ముద్రణతో ఆగిపోయి, వారసులెవరో కూడా తెలియని కథకులు, విమర్శకులు ఎంతమంది! వాళ్ళ పుస్తకాలను అమ్మేవాడు లేడు, అచ్చువేసేవాడు లేడు. అనుమతి అడుగుదామంటే చిరునామా లేదు. కాపీ చేస్తే మాత్రం నేరం. అమ్మకానికే లేని సరుకును దొంగిలించడం అంటే ఏమిటో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది.

కాపీహక్కు దేవుడిచ్చిన హక్కు కాదు, సహజ హక్కు కూడా కాదు. ఈ మాట మనం అనుకుంటున్నది మాత్రమే కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన తీర్పు సారాంశం కూడా అదే. విద్యాబోధన కోసం పాఠ్యభాగాలను కాపీ చేసుకోవడం ఉల్లంఘన కాదని ఆ కోర్టు అన్నది. సొంత పరిశోధనకు, విమర్శకు న్యాయంగా వాడుకోవడాన్ని చట్టమే మినహాయించింది. జిరాక్స్ దుకాణంలో విద్యార్థికి దక్కిన న్యాయం ఇంటర్నెట్టులో ఎందుకు దక్కడం లేదు? దుకాణం కేసులో విద్యార్థుల సంఘం, అధ్యాపకుల సంఘం కోర్టులో నిలబడి వాదించాయి. సైటు మూసివేత కేసుల్లో నిర్మాత ఉంటాడు, సరఫరా కంపెనీ ఉంటుంది, అశోక్ కుమార్ ఉండడు. పాఠకుడి తరఫున సాధారణంగా మాట్లాడేవారే ఉండరు. సై-హబ్ కేసులో కొందరు శాస్త్రవేత్తలు ముందుకొచ్చి జోక్యం చేసుకున్నారు. రచయితల సంఘాలు ఇలాంటి కేసుల్లో ఎందుకు అడుగుపెట్టకూడదు?

ప్రభుత్వాలు చేయగల పని కూడా ఉంది. సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకొని తర్వాత ప్రజలపరం చేసింది. వారసులకు పరిహారమిచ్చి రచనలను జాతీయం చేసే సంప్రదాయం తమిళనాట ఇప్పటికీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కోరికను మన సంఘాలు గట్టిగా వినిపించాలి.

అంతకంటే ముందు మన ఇల్లు మనం చక్కబెట్టుకోవాలి. మన సభల్లో వేల పేజీలు చదివాం, వందల పుస్తకాలు వేశాం. 'సర్వహక్కులూ రచయితవి' అని అలవాటు కొద్దీ మొదటి పేజీలో అచ్చువేశాం. ఆ ప్రతులు అయిపోయాక వాటి సంగతి ఎవరం చూశాం? ప్రజల కోసం రాశామని చెప్పుకునేవాళ్ళం, ప్రజలకు అందకుండా మన పేరు మీదే తాళం పడుతుంటే తెలియనట్టు ఉండిపోయాం. ఈ విమర్శ మొదట నాకు వర్తిస్తుంది.

రావిర్యాల నుంచి వచ్చాక నగరంలో ఒక గ్రంథాలయంలో నా పుస్తకం దొరికింది. బెరడు ఊడి, అంచులు రాలిపోతున్నది. రెండు రోజులు కూర్చుని ఫోనుతో పేజీ పేజీ ఫొటోలు తీసి అమ్మాయికి పంపాను. మొదట ఒక కాగితం చేర్చాను. ఈ పుస్తకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు అని రాసి సంతకం చేశాను. అచ్చులో లేని తమ పుస్తకాలకు ఇలాంటి కాగితం ఒకటి రాయడానికి మన సభ్యుల్లో ఎంతమంది సిద్ధంగా ఉన్నారో వచ్చే మహాసభలో అడగదలచుకున్నాను.