‘అప్’ కదలదు

భిలాయ్‌లోని మా ఖుర్సీపార్‌లో బీడీ మానమని చెప్పడానికి మూడు భాషలున్నాయి. వీధిలో "ఛోడ్ దేనా చాహియే", ఇంట్లో "వదిలెయ్యాలి", పిల్లల నోటుబుక్కులో "షుడ్ గివ్ అప్". 1959లో భిలాయ్ ఉక్కు ప్లాంటు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న కాలం నుంచీ పని కోసం వచ్చి స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఇదంతా మామూలే. నాకు మాత్రం ఆ ‘గివ్ అప్’ అతుకు మీద మోజు తీరదు.

‘గివ్’ ఇవ్వడం, ‘అప్’ పైకి. కలిపితే ఇవ్వడమూ లేదు, పైకీ లేదు, వదులుకోవడం పుట్టింది. దాని ముందు ‘షుడ్’, ‘మస్ట్’, ‘మైట్’ ఏది పెట్టినా ‘గివ్’ తోకలన్నీ ముడుచుకుంటుంది. ‘గివ్స్’ చెల్లదు, ‘గేవ్’ చెల్లదు, నడుమ ‘టు’ దూరదు. ఎప్పుడో మానాల్సిందని వగచినా "షుడ్ హావ్ గివెన్ అప్" అంటాం. రూపు మారింది ‘గివ్’కే, ‘అప్’ మీద గీత పడలేదు.

అసలు ముచ్చట ఆ రెండింటి నడుమ సందులో ఉంది. "గివ్ అప్ బీడీస్" అనొచ్చు, "గివ్ బీడీస్ అప్" అనొచ్చు. ‘దెమ్’ అన్నామా, అది సందులోనే కూర్చోవాలి: "యూ షుడ్ గివ్ దెమ్ అప్". మా మనవరాలు ‘దెమ్’ని చివర పడేసింది. దిద్దుతూ, మన మాటనీ విప్పి చూపించాను.

వదిలి, వేయి, ఆలి. ఇక్కడ ‘వేయి’ దేన్నీ విసరదు, పని తేల్చేస్తుంది. హిందీ ‘దేనా’ కూడా ఇవ్వడం మరిచిపోయినదే. క్రియ, దాని వెంట తోడు, ఈ వరుస ఇంగ్లీషులోలాగే ఉంది. ‘షుడ్’ ఒక్కటే వెనక్కి దూకి ‘ఆలి’ అయింది. సందు మాత్రం లేదు. ఇక్కడి ప్లాంటులో రైలు పట్టాలు అతికి 260 మీటర్ల పొడవు చేస్తారు. అతికిన చోట సానపట్టాక చేత్తో తడిమినా తెలియదు. ‘వదిలెయ్యాలి’ అలాంటి అతుకు.

"కాంట్ గివ్ అప్"లోనూ ‘అప్’ చెక్కుచెదరదు. మనకేమో ‘వదిలెయ్యలేను’ కన్నా ‘వదల్లేను’ ముందు నోటికొస్తుంది. తేలని పనికి తేల్చే మాట ఎందుకని వివరించాను, కాస్త గర్వంగానే.

"మరి ‘మస్ట్ నాట్ గివ్ అప్’?" అని తనే అడిగి, తనే చెప్పింది: "చేతులెత్తెయ్యకూడదు."

నా సూత్రం అక్కడే బెసికింది. కాదన్నా ‘ఎయ్య’ పోలేదు. పైగా ఇంగ్లీషు ‘అప్’లో ఎప్పుడో అరిగిపోయిన ‘పైకి’, ఇక్కడ రెండు చేతులతో లేచి నిలబడింది.