చేప జిగురు పట్టు

గిటార్‌లో అన్నిటికంటే ఎక్కువ కష్టపడే అతుకు బ్రిడ్జిది. తీగల కింది కొసలు పట్టుకుని, పైచెక్క మీద అంటుకుని ఉండే అరచేయంత ముక్క అది. స్టీలు తీగలు శ్రుతికి బిగించాక ఆరూ కలిసి దాన్ని దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. వాయించినా, మూల నిలబెట్టినా ఆ లాగుడు ఆగదు. అది కూర్చున్న పైచెక్క మందమేమో మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మంచి పనితనంలో అక్కడ మేకూ మరా ఉండవు. భారమంతా జిగురు మీదే.

ఆ జిగురు సత్తా ఎండాకాలంలో బయటపడుతుంది. తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్‌నే తీసుకోండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, వెంటనే నెలల తరబడి వానతేమ. ఊరి శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ లాంటి చోట రేకుల షెడ్డు కింద మధ్యాహ్నమంతా గిటార్‌ని వదిలేస్తే ఏమవుతుంది? మామూలు తెల్ల జిగురుతో అతికించినదైతే, ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఠప్పున ఊడదు. తీగల లాగుడుకు లొంగి వెంట్రుకవాసి చొప్పున జారుతుంది. కొన్నాళ్ళకు బ్రిడ్జి వెనక అంచు కింద పల్చటి కాగితం దూరుతుంది. అప్పటికి తీగలు మెట్ల మీద ఎత్తుగా లేచి, వేళ్ళు నొప్పెడుతుంటాయి.

ఎండిన చేప జిగురు ఇలా జారదు. గాజులా గట్టిపడి కూర్చుంటుంది. ప్లాస్టిక్ జిగుర్లు రాజ్యమేలుతున్న ఈ కాలంలోనూ చేత్తో గిటార్లు చేసే కొందరు దాన్ని వదలకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి రాసిన చేతిపనుల గ్రంథంలో స్టర్జన్ చేప గాలితిత్తితో జిగురు కాచే పద్ధతి ఉంది. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని తన పుస్తకంలో చేప జిగురు గురించి చెబుతూ, పగిలిన ల్యూట్ వాద్యాలు అతకడానికి అది చాలా మంచిదన్నాడు. ల్యూట్ అంటే గిటార్‌కి దగ్గర చుట్టం. తురుష్కుల విల్లుల్లో కొమ్మునూ చెక్కనూ నరాన్నీ కలిపి పట్టి ఉంచింది కూడా చేప జిగురే. రష్యాలో పాత దేవతాపటాల రంగు పెచ్చులు లేస్తే ఇప్పటికీ స్టర్జన్ జిగురుతోనే కూర్చోబెడతారు.

మన దేశంలో చెక్కపనికి ఎక్కువగా వాడింది పశువుల తోలు కాచిన జిగురు. వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రలేపాల మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో ఒక పాకంలో పశువుల కొమ్ములు, తోలు కూడా పడతాయి. అలాగని చేప సరుకుకు మన తీరం కొత్త కాదు. ఖరగ్‌పూర్‌కి ఎంతో దూరం లేని హుగ్లీ, గంగ ముఖద్వారాల్లో మన మాగ జాతికి చెందిన చేపలు దొరుకుతాయి. వాటి గాలితిత్తులు కలకత్తా రేవు మీదుగా చైనా వర్తకులకు వెళ్ళేవి. 1839లో మెక్‌క్లెలండ్ అనే వైద్యుడు ఆ చేప గురించి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. 1842లో జాన్ ఫోర్బ్స్ రాయల్ భారత తీరాల్లో ఈ సరుకు తయారీ మీద లండన్‌లో ఒక పుస్తకమే వేశాడు. అయితే ఇంగ్లండుకు అది కావలసింది వాద్యాలకు కాదు, బీరును తేటపరచడానికి. మన కాకినాడ, ఉప్పాడ తీరాల్లో కచిడి చేప వలలో పడితే లక్షలు పలికేది కూడా ముఖ్యంగా ఆ తిత్తి కోసమే. దాని దారీ వేరే: తూర్పు దేశాల వంటశాలలకు, మందుల దుకాణాలకు.

నేటి గిటార్ పనివాళ్ళు వాడేది సాధారణంగా తిత్తి జిగురు కాదు, చల్లటి సముద్రాల కాడ్ వంటి చేపల తోలు నుంచి తీసినది. మాంసం ఒలిచాక మిగిలే తోలుకు ఇది మంచి వినియోగం. 19వ శతాబ్దం చివర అమెరికాలోని గ్లౌస్టర్ రేవులో లెపేజ్ జిగురు పేరు మోగింది ఈ తోళ్ళ మీదే. స్టర్జన్ జాతులన్నీ 1998 నుంచి అంతర్జాతీయ వర్తక నియంత్రణ కిందికి వచ్చాయి కాబట్టి, తోలు దారి పట్టడమే న్యాయం కూడా.

ఈ తోలు జిగురుకో గొప్ప సుగుణం ఉంది. పశువుల జిగురును 60 డిగ్రీల వేడిలో ఉంచి వాడాలి. చెక్కకు రాసిన నిమిషం రెండు నిమిషాల్లో అది గడ్డకట్టడం మొదలెడుతుంది. బ్రిడ్జిని సరైన చోట కూర్చోబెట్టేలోపే అదను దాటిపోతుంది. జిగురుకు మూలమైన ప్రోటీన్ కొలాజెన్. చల్లటి నీళ్ళలో బతికే చేపల కొలాజెన్ తీరు వేరు. దాన్ని గడ్డకట్టించే అమైనో ఆమ్లాలు అందులో తక్కువ. అందుకే ఆ జిగురు 10 డిగ్రీల కిందికి పోతే తప్ప గడ్డకట్టదు. సీసాలో ద్రవంగానే ఉంటుంది, పొయ్యి అక్కర్లేదు, తొందరా అక్కర్లేదు. చెక్కలు సర్దుకోవడానికి, క్లాంపులు బిగించుకోవడానికి కావలసినంత వ్యవధి ఇస్తుంది.

తిత్తితోనే కాచుకోవాలనుకునేవారికి పద్ధతి పాతదే. తిత్తిని శుభ్రంగా కడిగి, పై పొర ఒలిచి, ఎండబెడతారు. చిన్న ముక్కలు కోసి రాత్రంతా చన్నీళ్ళలో నాననిస్తారు. తెల్లారి నీళ్ళగిన్నెలో మరో గిన్నె పెట్టి సన్నటి సెగ మీద కరిగిస్తారు. మరిగిందో, పట్టు చచ్చిపోయినట్టే. కరిగాక పల్చటి గుడ్డలో వడగడతారు.

ఏ జిగురైనా అసలు పనంతా అది రాయకముందే జరగాలి. చేప జిగురు సందులు పూడ్చదు. బ్రిడ్జి అడుగును పైచెక్క వంపుకు తగ్గట్టు గీకుతూ, మళ్ళీ మళ్ళీ ఆనించి చూసుకోవాలి. వెనక దీపం పెడితే ఎక్కడా వెలుగు కనపడకూడదు. బ్రిడ్జి కూర్చునే మేర పాలిష్‌ను పూర్తిగా తీసేసి పచ్చి చెక్క కనిపించేలా చేయాలి. జిడ్డుగుణం ఉన్న రోజ్‌వుడ్ అయితే అంటించే ముందే మరోసారి గీకుతారు. అప్పుడు రెండు వైపులా పల్చగా, సమంగా జిగురు రాసి, ముక్కను ఆనించి కాస్త అటూ ఇటూ రుద్ది, సౌండ్‌హోల్ గుండా లోపలికి చేయి పోనిచ్చి క్లాంపులు వేస్తారు. అంచు పొడవునా ఆవగింజలంత బొట్లు ఒకే తీరున బయటికి వస్తే లెక్క సరిపోయినట్టు. ఒకచోట బొట్టు రాలేదంటే అక్కడ జిగురు చాల్లేదని అర్థం. తడిగుడ్డతో తుడిస్తే ఆ బొట్లు మరక లేకుండా పోతాయి. కనీసం ఒక రోజు క్లాంపుల్లోనే వదలాలి. తీగలు ఎక్కించడానికి మరో రెండు రోజులు ఆగితే మేలు.

దీని బలహీనత నీళ్ళు. గాలిలో తేమ మరీ పెరిగితే ఆరడం ఆలస్యమవుతుంది, ఆరిన పట్టూ సడలుతుంది. బెంగాల్ వానాకాలంలో తలుపులు తెరిచిన షెడ్డులో దీనితో పని పెట్టుకోవడం తెలివితక్కువ. తేమను 45-50 శాతం దగ్గర నిలిపే గది కావాలి. ఎలాగూ చెక్క కోసమైనా గిటార్ పనివాడికి ఆ గది తప్పదు.

అయితే ఆ నీటి బలహీనతే దీని మరో గొప్పతనం. గిటార్ ఏళ్ళ తరబడి బతకాలంటే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని విప్పాలి. పైచెక్క పగులుతుంది, లోపలి బద్దీ వదులవుతుంది, మెడ కోణం మారుతుంది. వేడి చేసిన పల్చటి కత్తీ, కాస్త గోరువెచ్చటి నీళ్ళూ ఉంటే చేప జిగురు చెక్క పీచు లేవకుండా వదులుతుంది. తిరిగి అతకడానికి పచ్చి చెక్క సిద్ధంగా ఉంటుంది. ఎపాక్సీతో అతికిన బ్రిడ్జి ఊడేటప్పుడు పైచెక్కలో ముక్కను కూడా పట్టుకొస్తుంది. తెల్ల జిగురు పొర చెక్క రంధ్రాల్లో మిగిలిపోతే కొత్త జిగురు దాని మీద సరిగా పట్టదు.

మన వీణవారికి ఈ సూత్రం చెప్పనక్కర్లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి ఏకాండ వీణను తొలుస్తారు. అతుకే లేకుండా చూసుకునే అంత పట్టుదల ఉన్నవాళ్ళు కూడా 24 మెట్లను మాత్రం శాశ్వతంగా బిగించరు. తేనెమైనంలో నల్లపొడి కలిపి, ఆ మైనంలో మెట్లు కూర్చి మేళం కడతారు. వాడగా వాడగా స్వరం తప్పితే మైనాన్ని వెచ్చచేసి మెట్లు సర్దుతారు. మళ్ళీ మళ్ళీ మరమ్మతు చేసుకోవలసిన చోట శాశ్వతమైన పట్టు పనికిరాదని వాళ్ళ పనే చెబుతుంది.

ఖరీదులోనూ, ఓపికలోనూ చేప జిగురు ఫ్యాక్టరీ లెక్కకు సరిపడదు. రోజుకు వందల గిటార్లు బయటికి పంపాల్సిన చోట ఒక్కో బ్రిడ్జికి ఒక రోజు క్లాంపు ఇవ్వడం కుదరదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కానీ చేత్తో చేసిన గిటార్‌కి వేలకు వేలు పోసేవారు చెక్క ఏ దేశానిదని అడిగినట్టే, బ్రిడ్జి ఏ జిగురుతో అతికించారనీ, రేపు ఊడదీయాల్సివస్తే ఎలా వస్తుందనీ అడగాలి. తడుముకోకుండా జవాబిచ్చే పనివాడు ఆ వాద్యానికి రాబోయే మరమ్మతుల గురించి ముందే ఆలోచించినట్టు. అతని చేతికి డబ్బిచ్చి రావచ్చు.