దుర్యోధనుడికీ వన్స్‌మోర్

పద్యనాటకంలో ప్రతినాయకుడి వేషం కట్టిన నటుడికి ప్రేక్షకుల దగ్గర రెండు ఖాతాలుంటాయి. పాత్ర చేసే పనికి తిట్లు, పాడే పద్యానికి వన్స్‌మోర్లు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకూ శ్రీరామనవమికీ తెల్లవార్లూ ఆడే నాటకాల్లో ఈ రెండూ ఒకే జనం నోటి నుంచి, ఒకే రాత్రి వినిపిస్తాయి. ద్రౌపది చీర మీద దుశ్శాసనుడు చెయ్యి వేయగానే ముందు వరసల్లో చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు మెటికలు విరుస్తారు. వీడి పాడెగట్ట అని పైకే తిడతారు. కాసేపటికి దుర్యోధనుడు గొంతెత్తి పద్యం అందుకుంటే వెనక నిలబడ్డ మగవాళ్లు ఈల వేసి మళ్లీ పాడమంటారు. పాడినవాడు దుర్మార్గుడన్న సంగతి అప్పుడు ఎవరికీ అడ్డం రాదు.

మెచ్చుకోలు ఎంతన్నది చదివింపులు చెబుతాయి. పద్యం ముగిసి హార్మోనియం ఇంకా శ్రుతి లాగుతుండగానే ఎవరో ఒకరు స్టేజీ దగ్గరికొచ్చి నోటు అందిస్తారు. ఫలానా ఊరి ఫలానా వారు దుర్యోధన పాత్రధారికి నూటపదహార్లు చదివిస్తున్నారని మైకులో ప్రకటన వస్తుంది. నటుడు కిరీటంతోనే వంగి దండం పెట్టి, మరుక్షణం మీసం మెలేసి మళ్లీ కురుసార్వభౌముడవుతాడు. చదువుకున్న విమర్శకులకు ఇది రసభంగంగా కనిపించవచ్చు. ఊరి ప్రేక్షకుడికి అలాంటి పట్టింపు లేదు. వేషం వేరు, వేసినవాడు వేరు అని అతనికి తెలుసు, ఆ తెలివిడితోనే మనసారా తిట్టగలుగుతాడు.

దుర్మార్గుడి పద్యానికీ వన్స్‌మోర్ అడిగే ఈ అలవాటుకు నాటకాలు రాసిన కవులూ కారణమే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యబలం ఒక్క కృష్ణుడి సొత్తు కాదు. దుర్యోధనుడికీ కర్ణుడికీ నిలబడి వాదించే పద్యాలు దొరికాయి. రాయబారం సీనులో కొలువు కొలువంతా ఒకవైపు, కృష్ణుడొక్కడూ ఒకవైపు. దుర్యోధనుడు తేలిపోతే కృష్ణుడి మాటకూ బరువుండదు. అందుకే నాటకాల కాంట్రాక్టర్లు పేరున్న కృష్ణుణ్ణి కుదుర్చుకున్నాక అతనికి దీటైన దుర్యోధనుడి కోసం వెతుకుతారు. మాధవపెద్ది వెంకట్రామయ్యకు రంగస్థలం మీద కీర్తి తెచ్చింది దుర్యోధన పాత్రే.

వేషానికి కావలసిన పనితనం పాత్రను బట్టి మారుతుంది. కృష్ణుడు రాగాన్ని సాగదీసి మురిపించవచ్చు. దుర్యోధనుడు పద్యాన్ని పాదం చివర తెగ్గొట్టాలి, గదను నేలకు తాటించాలి, తొడ చరచాలి. నడకలో తొందర ఉండకూడదు. రాజు కాబట్టి అతని కోపానికీ ఠీవి ఉండాలి. శకునికి అదేమీ అక్కర్లేదు. కాస్త కుంటి నడక, చేతిలో పాచికలు, జనం వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పే రెండు మాటలు చాలు. ప్రేక్షకులు అతని కుట్రలో భాగస్థుల్లా నవ్వుతారు, నవ్వినందుకు మళ్లీ అతణ్ణే తిట్టుకుంటారు. నిజానికి అన్నిటికన్నా కష్టం దుశ్శాసనుడిది. అతనికి పద్యాలు తక్కువ, చదివింపులు ఇంకా తక్కువ, తిట్లు మాత్రం నిండుగా దక్కుతాయి. ఒకదానికొకటి ముడివేసిన చీరలు లాగుతూ లాగుతూ అలసి కూలబడటాన్ని నమ్మించేలా చేస్తేనే కృష్ణుడి మహిమ కనిపిస్తుంది. ప్రతినాయకుడి శరీరమే ఆ సీనులో ట్రిక్కు.

పద్యం మీద ఇంత మోజు పనికిరాదన్నవాళ్లూ ఉన్నారు. బళ్లారి రాఘవ (1880–1946) రాగాలాపనను తగ్గించి, మాటతోనూ ముఖంతోనూ పాత్రను నడపాలన్న నటుడు. హిరణ్యకశిపుడి వంటి పాత్రల్లో ఆయన పేరు మోగింది. ఆయన దారి పట్టణ రంగస్థలం మీద గౌరవం పొందింది కానీ, మెట్ట పల్లెల్లో హార్మోనియం గెలిచింది.

పురాణ రాక్షసుల కన్నా ఈ ప్రాంతపు జనానికి దగ్గరగా తగిలే పాత్ర ఒకటుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రలో నక్షత్రకుడు కత్తి పట్టడు, ఎవర్నీ చంపడు. గురువు విశ్వామిత్రుడికి రావలసిన సొమ్ము కోసం రాజు వెంట నడుస్తాడంతే. అడవిదారిలో దప్పికంటాడు, అలిశానంటాడు, గడువు గుర్తు చేస్తాడు. వాన నమ్ముకున్న సేద్యంలో అప్పు లేని ఇల్లు తక్కువ. వసూలుకు వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషిని చూసిన వాళ్లకు నక్షత్రకుణ్ణి ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. అతని హాస్యానికి నవ్వు వస్తుంది, కానీ ఆ నవ్వులో తేలికదనం ఉండదు.

భక్తి నాటకాల్లో స్పందన ఇంకో మెట్టు ఎక్కుతుంది. తంజావూరు దగ్గర మెలట్టూరులో తెలుగులోనే ఆడే భాగవతమేళంలో, ప్రహ్లాద చరిత్ర రాత్రి నరసింహుడి ముఖతొడుగు పెట్టుకునే నటుడు ఉపవాసం ఉంటాడు. ఆవేశంలో హిరణ్యకశిపుడి మీద పడకుండా అతణ్ణి పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. చిత్తూరు ప్రాంతపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో పగలు హరికథ, రాత్రి వీధినాటకంగా సాగే మహాభారత ఉత్సవం చివర్లో, మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది. తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ఇలాంటి ఉత్సవాల్లోనే స్త్రీలు దుర్యోధనుణ్ణి చీపుర్లతో కొడతారు. ఇక్కడ వన్స్‌మోర్లు ఉండవు. చావు ఒక్కసారే జరగాలి. తెలుగు వృత్తి నాటకరంగంలో పెద్ద పేరైన సురభి సమాజం కూడా 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతోనే మొదలైంది. దుష్టుడు చచ్చే కథకు జనం తప్పక వస్తారని అప్పటికే తెలుసన్నమాట.

సినిమా వచ్చాక వేషం, మనిషి అన్న తేడా కొంత చెరిగింది. స్టేజీ మీద దండం పెట్టే క్షణం తెర మీద లేదు మరి. గయ్యాళి అత్తగా సూర్యకాంతం ఎంత నమ్మించిందంటే, ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికే జనం వెనకాడారు. నెల్లూరు రంగస్థలం నుంచి వెళ్లిన రాజనాల (1925–1998) జానపద చిత్రాల్లో విలన్‌గా స్థిరపడ్డాడు. ఆయన నాటకాల రోజుల్లో రెవిన్యూ ఉద్యోగి. అధికారుల అవినీతిని ఎండగట్టిన ఆత్రేయ నాటకం ‘ఎవరు దొంగ’లో నటించినందుకు కొంతకాలం సస్పెండయ్యాడు. ప్రేక్షకుల స్పందనలో ఇదీ ఒక రకమే, కాకపోతే ఈల వేసే బదులు కాగితం మీద వచ్చింది.

పాత్రకు పురాణం అండ లేనప్పుడు, ఎదురుగా కూర్చున్నవాళ్ల కులమో వృత్తో దానికి అంటుకున్నప్పుడు వేషం వేరు, మనిషి వేరన్న ఆ పాత రాజీ నిలవదు. కాళ్లకూరి నారాయణరావు చింతామణిలో సుబ్బిశెట్టి దుర్మార్గుడు కాడు, వేశ్య మోజులో ఆస్తి పోగొట్టుకునేవాడు. ఊళ్లలో ఆడేకొద్దీ ఆ వేషానికి మూలంలో లేని బూతు హాస్యం చేరింది. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఆ వేషం మీదే బతికిన నటులు రోడ్డెక్కారు, వ్యవహారం హైకోర్టుకు చేరింది. దుర్యోధన వేషధారులకు మాత్రం అలాంటి చిక్కు ఎన్నడూ రాలేదు. కౌరవుల తరఫున ఫిర్యాదు చేసేవాళ్లు ఏ ఊళ్లోనూ లేరు.