పంతులమ్మ కట్టిన పాటలు

అన్‌డీన్ స్మిత్ మూర్ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 45 ఏళ్లు సంగీతం నేర్పిన నల్లజాతి అధ్యాపకురాలు, స్వరకర్త. 1904 ఆగస్టు 25న పుట్టి, 84 ఏళ్లు బతికి, 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆమె స్వరరచనలు నూరు దాటాయి. బతికి ఉండగా వాటిలో అచ్చయినవి నాలుగో వంతు మాత్రమే. అయినా ఆమె ఎప్పుడూ తనను ముందు ఉపాధ్యాయురాలిగానే చెప్పుకొన్నారు. పాఠం చెప్పడమే తన పని, పాటలు కట్టడం దాని తర్వాతదేనని ఆమె అభిప్రాయం. దీన్ని వినయంగా తీసుకోనవసరం లేదు. ఆమె రాసిన వాటిలో చాలా భాగం తరగతి గది అవసరం కోసం పుట్టినవే.

ఆమె స్వస్థలం వర్జీనియా దక్షిణాన ఉన్న జారట్ అనే చిన్న ఊరు. తండ్రి రైల్వేలో బ్రేకులు చూసే ఉద్యోగి (బ్రేక్‌మ్యాన్). ఆమె తాతల తరం బానిసత్వంలో బతికింది. బానిసత్వం చట్టప్రకారం రద్దయిన 1865కీ ఆమె పుట్టుకకూ మధ్య 40 ఏళ్లు కూడా లేవు. కాబట్టి తోటల్లో పనిచేసిన బానిసల పాటలు ఆమెకు పుస్తకంలో చదివిన చరిత్ర కాదు. అమ్మానాన్నలు ఇంట్లో పాడుకునే పాటలు. ఆ ఊళ్లో నల్లవారి జీవితమంతా చర్చి చుట్టూ తిరిగేది, చర్చి అంతా పాటే. కుటుంబం పీటర్స్‌బర్గ్‌కు మారినప్పుడు ఆమె ఇంకా చిన్నపిల్ల. అమెరికాలోని అతి పాత నల్లజాతి బాప్టిస్ట్ సంఘాలు కొన్ని ఉన్న పట్టణం అది. ఏడేళ్ల వయసులో అక్కడే పియానో నేర్చుకోవడం మొదలుపెట్టారు.

బానిసల నుంచి వచ్చిన ఆ పాటలనే స్పిరిచ్యువల్స్ అంటారు. చదువుకోవడం నేరమైన కాలంలో బానిసలు చెవిన పడిన బైబిల్ కథలను తమ కథలుగా చేసుకున్నారు. ఫరో చెరలోని ఇశ్రాయేలీయులు, సింహాల గుహలోని దానియేలు, యోర్దాను అవతలి ఒడ్డు, ఇవన్నీ వాళ్లకు తమ చెర గురించి, రాబోయే విడుదల గురించి చెప్పే మాటలే. ఒకరు పలుకుతారు, గుంపు బదులిస్తుంది. ఎవరు కట్టారో తెలియదు, రాసిపెట్టినదీ లేదు. వీటిని ప్రపంచానికి వినిపించింది టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. అప్పుల్లో ఉన్న తమ బడిని నిలబెట్టడానికి 1871లో ఫిస్క్ జూబిలీ సింగర్స్ పేరిట ఊరూరా తిరిగి పాడారు. వాళ్లు తెచ్చిన డబ్బుతో లేచిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది.

మూర్ చదివింది కూడా ఫిస్క్‌లోనే. జూలియార్డ్ ఉపకార వేతనంతో పియానో, సంగీత శాస్త్రం చదివి 1926లో పట్టా తీసుకున్నారు. కొంతకాలం నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో బడుల్లో సంగీతం పర్యవేక్షించి, 1927లో పీటర్స్‌బర్గ్‌లోని వర్జీనియా స్టేట్ కళాశాలలో చేరారు. తెల్లవారి కళాశాలలు నల్ల విద్యార్థులను గడప తొక్కనివ్వని రోజుల్లో నల్లవారి కోసం నడిచిన ప్రభుత్వ కళాశాల అది. ఉద్యోగం చేస్తూనే 1931లో న్యూయార్క్‌లోని కొలంబియా టీచర్స్ కాలేజీ నుంచి ఎం.ఏ. సంపాదించారు. 1972లో పదవీ విరమణ చేసేదాకా కళాశాల మారలేదు.

అక్కడ పియానో, ఆర్గన్, సంగీత సిద్ధాంతం, అన్నిటికీ మించి కౌంటర్‌పాయింట్ బోధించారు. ఒకే సమయంలో నడిచే రెండు మూడు స్వరపంక్తులు వేటికవి స్వతంత్రంగా ఉంటూనే కలిసి వినబడేలా రాసే విద్య అది. యూరప్‌లో దీన్ని శిఖరానికి చేర్చినవాడు జర్మన్ స్వరకర్త బాఖ్. కళాశాలకు అనుబంధంగా ఉన్న ఉన్నత పాఠశాల క్వయర్ (గాయక బృందం) బాధ్యత కూడా ఆమెదే. పాటల పుస్తకాలు కొనడానికి డబ్బు తక్కువ. కొన్నా అవి ఆ పిల్లల గొంతులకు సరిపడేవి కావు. అందుకని పిల్లలకు ఎంత ఎత్తు స్వరం అందుతుందో, ఎవరి గొంతు ఎక్కడ నిలుస్తుందో చూసుకుని తానే రాసి ఇచ్చేవారు. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేని పొదుపు ఈ పని వల్ల ఆమె రచనలోకి వచ్చింది.

ఆమె శిష్యుల్లో జాజ్ పియానో విద్వాంసుడు బిల్లీ టేలర్ ఒకరు. సమాజశాస్త్రం చదవడానికి వచ్చిన ఆ కుర్రాణ్ని సంగీతం వైపు మళ్లించింది ఆమే. 1946లో న్యూయార్క్ సిటీ ఒపేరాలో ప్రధాన పాత్ర పాడిన కమిలా విలియమ్స్ మరొకరు. అమెరికాలో ఒక పెద్ద ఒపేరా సంస్థతో ఒప్పందం పొందిన తొలి నల్లజాతి గాయనిగా విలియమ్స్ పేరు చెబుతారు.

స్పిరిచ్యువల్స్‌ను కాగితం మీద పెట్టడం మూర్ చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది. అమ్మానాన్నల నోట విన్న పాటలకు ఆమె స్వరలిపి రాసుకున్నారు. ఈ పాటల్లో మూడో స్వరం, ఏడో స్వరం పియానో మెట్ల మధ్య ఎక్కడో పలుకుతాయి. గొంతు ఒక స్వరం నుంచి మరోదానికి జారుతుంది. మన గమకం ఎలా లిపికి లొంగదో ఆ జారుడూ అంతే. రాసిన క్షణంలో కొంత పోతుంది. నలుగురి కోసం శుభ్రంగా సర్దిపెడితే పాట ఆత్మ పోయే ప్రమాదం ఉంది. సర్దకుండా వదిలేస్తే ఆ పాడేవాళ్లతోనే పాట పోతుంది. ఆ పాటలను మెరుగుపరచడం తన ఉద్దేశం కాదని ఆమె స్పష్టంగా చెప్పారు. అవి అంత అందమైనవి కాబట్టే పలు రూపాల్లో వినబడాలని కోరుకున్నారు. అందుకే ఆమె పద్ధతిలో మూల రాగం చెక్కు చెదరదు. పిలుపు, బదులు అలాగే ఉంటాయి. కౌంటర్‌పాయింట్ చదువంతా ఆ బదులును అనేక గొంతులకు పంచిపెట్టడంలో ఖర్చవుతుంది. దీనికి మంచి ఉదాహరణ 1950ల తొలినాళ్ల ‘డేనియల్, డేనియల్, సర్వెంట్ ఆఫ్ ది లార్డ్’. వాద్యాల తోడు లేకుండా స్త్రీ పురుష గొంతులు కలిసి పాడే రచన అది. రాజాజ్ఞను కాదని ప్రార్థించి సింహాల గుహలో పడ్డ దానియేలు కథ. స్పిరిచ్యువల్స్ రూపకల్పనల్లో దీనికి పైమెట్టు మీద చోటివ్వాలి.

1938లో ఆమె అదే కళాశాలలో వ్యాయామ విద్యాశాఖను నడిపిన, గాత్రం కూడా నేర్చిన జేమ్స్ ఆర్థర్ మూర్‌ను పెళ్లాడారు. వారికి ఒక్కతే కూతురు. తర్వాతి కాలంలో ఆ అమ్మాయి నర్తకిగా, కళాశాలలో నృత్య అధ్యాపకురాలిగా పేరు తెచ్చుకుంది. ఒక తల్లి తన కొడుకుతో మాట్లాడే, నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన కవితకు మూర్ 1955లో బృందగాన రూపం ఇచ్చారు. చర్చి పాట కానప్పటికీ ఆ రచనలో ప్రార్థన స్వరమే వినిపిస్తుంది.

1969లో సహోద్యోగి ఆల్టోనా ట్రెంట్ జాన్స్‌తో కలిసి కళాశాలలో నల్లజాతి సంగీత కేంద్రాన్ని స్థాపించారు. ఆఫ్రికా నుంచి అమెరికా దాకా నల్లవారి సంగీతాన్ని పాఠ్యాంశంగా, ప్రదర్శనగా విద్యార్థుల ముందుకు తెచ్చిన కేంద్రం అది. అదే ఏడాది వేణువు, చెల్లో, పియానోలకు ‘ఆఫ్రో-అమెరికన్ సూట్’ రాశారు. పదవీ విరమణ తర్వాత పని తగ్గలేదు. 1977లో వర్జీనియా రాష్ట్రం ఆమెను ‘మ్యూజిక్ లారియేట్’ బిరుదుతో గౌరవించింది. మార్టిన్ లూథర్ కింగ్ జీవితంపై వ్యాఖ్యాత, గాయకులు, క్వయర్, ఆర్కెస్ట్రాలతో 16 భాగాలుగా సాగే ‘సీన్స్ ఫ్రమ్ ది లైఫ్ ఆఫ్ ఎ మార్టర్’ 1981 నాటిది. 70 ఏళ్లు దాటాక తలపెట్టిన ఈ పెద్ద రచన పులిట్జర్ బహుమతికి ప్రతిపాదన పొందింది. 1987లో దక్షిణాఫ్రికా నల్లవారి పోరాటాన్ని తలచుకుంటూ ‘సొవెటో’ అనే పియానో త్రయం రాశారు. అప్పటికి ఆమెకు 80 నిండాయి.

అమెరికా సంగీత చరిత్రలో ఆమెకు దక్కిన చోటు ఆమె పనికి తగినంత లేదు. ఆమె పాటలు మాత్రం బడి క్వయర్లలో, చర్చి క్వయర్లలో ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు. పాశ్చాత్య బృందగానం పరిచయం లేని తెలుగు శ్రోతలు కూడా ముందు ‘డేనియల్’ వినండి. ఆ తర్వాత ‘మార్టర్’ వినండి.