సగటు దోషం - వ్యక్తి భద్రత: పల్స్ ఆక్సీమీటరు విశ్వసనీయతపై విమర్శ

1. ఉపోద్ఘాతం

వైద్య పర్యవేక్షణలో వాడే సెన్సర్ల విశ్వసనీయతను సాధారణంగా సగటు దోషంతో నిర్ణయిస్తారు. ఆ సగటు ఎవరిని పరీక్షించగా వచ్చిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. 1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి వెల్లడించిన సూత్రంపై రూపొందిన పల్స్ ఆక్సీమీటరు ఇందుకు నిదర్శనం.

2. కొలిచే విధానం

ఈ పరికరం ఎరుపు, పరారుణ కాంతులను వేలి గుండా పంపి, నాడీ స్పందనతో మారే శోషణల నిష్పత్తిని గణిస్తుంది. ఆ నిష్పత్తి నేరుగా ఆక్సిజన్ శాతం కాదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లలో ఆక్సిజన్ స్థాయిని నియంత్రితంగా తగ్గించి, ధమని రక్త పరీక్షలతో పోల్చి తయారుచేసిన పట్టిక దానిని శాతంగా మారుస్తుంది. కనుక రోగి వేలిపై కనిపించే అంకెలో ఆ వాలంటీర్ల శరీర లక్షణాలూ ఇమిడి ఉంటాయి.

3. ప్రమాణాల పరిమితి

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకం కనీసం 10 మందిపై పరీక్షను కోరింది. వారిలో ముదురు చర్మవర్ణం గలవారు ఇద్దరు లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అది ఉండాలి. దోషం 3 శాతమంటే, సుమారు మూడింట రెండు వంతుల రీడింగులు అసలు విలువకు 3 అంకెల లోపు ఉంటాయని అర్థం. మిగిలినవి అంతకు మించి తప్పవచ్చు. పైగా ఈ కొలమానం దోషపు దిశను తెలపదు. తక్కువ చూపితే అనవసర చికిత్స జరగవచ్చు. ఎక్కువ చూపితే అవసరమైన చికిత్సే అందకపోవచ్చు.

2020 డిసెంబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ప్రచురించిన అధ్యయనం ఈ దిశనే పట్టి చూపింది. ఆక్సీమీటరు 92-96 శాతం చూపినా రక్తంలో 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, శ్వేతజాతి రోగులలో 3.6 శాతం. అయితే ఆ అధ్యయనం చర్మవర్ణాన్ని కొలవలేదు. రోగులు తెలిపిన జాతినే ఆధారంగా గ్రహించింది. అందువల్ల ఆ అంకెలను తెలుగువారికి యథాతథంగా అన్వయించలేము. అవి లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇక్కడా వర్తిస్తుంది. 2021లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఉన్న కోవిడ్ రోగులకు 94 శాతం హద్దు. 3 అంకెలు అటూ ఇటూ కాగల సాధనంతో ఆ హద్దును నిర్ణయించవలసి వచ్చింది.

4. ముగింపు

2025 జనవరిలో అదే సంస్థ ముసాయిదా కనీసం 150 మందిని పరీక్షించాలనీ, చర్మవర్ణాన్ని కొలిచి నమోదు చేయాలనీ సూచించింది. సంఖ్య పెంచడం అవసరమే గాని చాలదు. దోషాన్ని వర్ణాలవారీగా, దిశతో సహా, చికిత్సను నిర్ణయించే హద్దుల వద్ద విడిగా ప్రకటించాలి. అంతవరకు ఒక్క రీడింగు కంటే దాని మార్పు తీరునూ, రోగి ఆయాసాన్నీ, అవసరమైతే ధమని రక్త పరీక్షనూ ఆధారం చేసుకోవడమే సముచితం.